అప్‌డేట్: మబ్బుల టైమ్‌లాప్స్‌లో మిణుకు పోయింది

క్యుములోనింబస్ (ఉరుముల మబ్బు) పైకి పొంగడాన్ని వరసగా ఫోటోలు తీసి టైమ్‌లాప్స్ వీడియోగా కలిపితే, వెలుతురు మారుతూ మిణుకుమిణుకుమంటోందని ఇంతకుముందు అడిగాను కదా. మాన్యువల్ మోడ్‌లో, వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ సెట్టింగ్) 5500కె దగ్గర కట్టేసినా పోలేదు. తప్పు అపర్చర్‌ది (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం). రంధ్రం చిన్నదయ్యే ఎఫ్/11లో ప్రతి ఫ్రేముకీ బ్లేడ్లు మూసుకునేటప్పుడు వెంట్రుకవాసి తేడా వస్తోంది. ఎఫ్/2.8కి పూర్తిగా తెరిచి, ఎక్కువైన వెలుతురు తగ్గడానికి 4 స్టాపుల (వెలుతురుని నాలుగుసార్లు సగం చేసే) ఎన్‌డీ ఫిల్టర్ తగిలించాను. ఇక బ్లేడ్లు కదలనే కదలవు.

ఫోటోకీ ఫోటోకీ మధ్య 5 సెకన్ల ఇంటర్వెల్‌తో మబ్బు తల గెంతులేసింది, 2 సరిపోయింది. 25 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకి 25 ఫ్రేములు) 10 సెకన్ల వీడియోకి 250 ఫోటోలు, అంటే తీయడానికి 8 నిమిషాల 20 సెకన్లు.

చీకటిపడ్డాక మెరుపులకి షట్టర్ 8 సెకన్లు, ఇంటర్వెల్ 10. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఫోటోలో చుక్కలు తగ్గించే సెట్టింగ్) ఆఫ్ చేయాలి, లేదంటే ఫోటోకీ ఫోటోకీ మధ్య ఇంకో 8 సెకన్లు మింగేస్తుంది (మంచి మెరుపు సరిగ్గా అప్పుడే పడుతుంది!). మెరుపు తర్వాత 30 సెకన్లలోపే ఉరుము వినిపిస్తే కెమెరా సంగతి తర్వాత, ముందు లోపలికి.