ఐఫోన్‌కు మాత్రమే వర్తించే టెస్టులను ఎలా నడపాలి?

ప్రశ్న (హనుమకొండ నుంచి):
ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరలు చూపే యాప్‌ను మేము ఫ్లట్టర్‌లో (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ యాప్‌లు రెండూ చేసే సాధనం) తయారు చేస్తున్నాము. వెనక్కి వెళ్లే బాణం గుర్తు ఆండ్రాయిడ్‌లో ఒక రకంగా, ఐఫోన్‌లో మరొక రకంగా కనిపించాలి. అయితే ప్లాట్‌ఫామ్.ఈజ్‌ఐఓఎస్ (నడుస్తున్నది ఐఫోన్ వ్యవస్థ ఐఓఎస్ మీదనేనా) అని అడిగే కోడ్‌కు రాసిన విడ్జెట్ టెస్టు (తెర మీది భాగాలను పరీక్షించేది) నా లైనక్స్ ల్యాప్‌టాప్‌లో ప్రతిసారీ ఫెయిలవుతోంది. దానిని స్కిప్ చేయడం సరైనదేనా అండి?

జవాబు (కరీంనగర్ నుంచి):
స్కిప్ చేయకండి. విడ్జెట్ టెస్టు ఫోనులో కాక మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది కనుక, ఆ కోడ్‌కు లైనక్స్ అన్న జవాబే దొరుకుతుంది. దాని బదులు డిఫాల్ట్‌టార్గెట్‌ప్లాట్‌ఫామ్‌ను (ఏ ప్లాట్‌ఫామో ఫ్లట్టర్ చెప్పే, టెస్టులో మార్చగలిగే విలువ) వాడి, టెస్టుకు టార్గెట్‌ప్లాట్‌ఫామ్‌వేరియంట్ (ఏయే ప్లాట్‌ఫామ్‌లుగా నడపాలో చెప్పే అమరిక) ఇస్తే, ఒకే టెస్టు ఆండ్రాయిడ్ వేషంలోనూ ఐఓఎస్ వేషంలోనూ నడుస్తుంది. డీబగ్ ఓవర్‌రైడ్‌ను (ఆ విలువను బలవంతంగా మార్చే అమరికను) స్వయంగా మార్చేటట్లయితే టెస్టు లోపలే దానిని తిరిగి నల్ (ఖాళీ) చేయాలి. టియర్‌డౌన్‌లో (టెస్టు ముగిశాక నడిచే భాగంలో) చేస్తే అప్పటికే ఆలస్యమై టెస్టు ఫెయిలవుతుంది. ఈ ముక్క తెలియక నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

జవాబు (వరంగల్ నుంచి):
తెర మీది తేడాలకు పై పద్ధతి చాలును. కెమెరా అనుమతి, నోటిఫికేషన్ వంటి వాటికి మాత్రం వేషం సరిపోదు, ఇంటిగ్రేషన్ టెస్టులే (మొత్తం యాప్‌ను ఫోనులోనో సిమ్యులేటర్‌లోనో నడిపి చూసేవి) రాయాలి. ఐఓఎస్ సిమ్యులేటర్‌కు (కంప్యూటర్ తెర మీద నడిచే నకిలీ ఐఫోన్‌కు) మ్యాక్ (యాపిల్ కంప్యూటర్) తప్పనిసరి. మా దగ్గర ఉన్నది ఒక్క మ్యాక్ మినీయే కనుక, టెస్టులకు ట్యాగులు పెట్టి, ఆండ్రాయిడ్‌వి ప్రతి మార్పుకూ, ఐఓఎస్‌వి రాత్రికి ఒకసారి నడుపుతున్నాము.

ప్రశ్న అడిగినవారు:
వేరియంట్ పెట్టి చూశాను, రెండూ పాసయ్యాయి. మ్యాక్ ఇంకా దొరకలేదు.