డబ్బు కట్టని ఆర్డర్లు, తప్పు ధరకు వచ్చిన ఆర్డర్లు: విక్రేత ఏం చేయాలి?

ప్రశ్న: దీపతోరణం

అందరికీ నమస్కారం. నేను అలంకరణ దీపాలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. కొంత సరుకు నా సొంత సైట్‌లోనూ, మిగిలినది పలువురు విక్రేతలు సరుకు అమ్ముకునే ఒక మార్కెట్‌ప్లేస్‌లోనూ ఉంటుంది. రెండు చిక్కులు ఒకేసారి వచ్చి పడ్డాయి కనుక అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను.

మొదటిది, సొంత సైట్‌లో బ్యాంకు బదిలీ ద్వారా చెల్లించే వీలు కల్పించాను. చాలామంది ఆర్డరు పెట్టి డబ్బు పంపకుండా ఊరుకుంటున్నారు. ఆ దీపాలు వారి పేర కేటాయింపులో ఉండిపోవడం వల్ల నిజంగా కొనదలచిన వారికి స్టాకు లేదని కనిపిస్తోంది.

రెండవది, నిన్న కొత్త ధరల షీటు ఎక్కినప్పుడు ఒక రకం దీపానికి దశాంశ బిందువు ఒక స్థానం జరిగి, అసలు ధరలో పదో వంతు మాత్రమే సైట్‌లో కనిపించింది. అది సరిదిద్దేలోగా చాలా ఆర్డర్లు వచ్చాయి. కొందరు కార్డుతో డబ్బు కట్టేశారు, కొందరు బ్యాంకు బదిలీ ఎంచుకుని ఇంకా కట్టలేదు, ఒక్కరైతే పెద్ద సంఖ్యలో దీపాలు కావాలని పెట్టారు. అదే షీటులో మరో దీపానికి ధర స్వల్పంగా తగ్గింది. ఆర్డరు అందిన వెంటనే ‘మీ ఆర్డరు ఖరారైంది’ అనే మెయిలు దానంతటదే వెళ్తుంది కనుక, ఇప్పుడు రద్దు చేసే హక్కు నాకుందా, తేడా మొత్తం అడగవచ్చా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

సమాధానం: సరుకుగది

దీపతోరణం గారూ, ముందుగా ఆ ఆర్డర్లలో ఒక్క పార్శిలు కూడా బయటికి వెళ్లకుండా ఆపండి. కొంతమందికి పంపి, మిగిలిన వారికి నిరాకరిస్తే తప్పు జరిగిందన్న మీ మాట నిలబడడం కష్టమవుతుంది. తర్వాత తప్పు ధర ఎప్పుడు ఎక్కింది, ఎప్పుడు సరిదిద్దారు, నిన్నటికి ముందు ఆ దీపం ఏ ధరకు అమ్ముడైంది అన్న వివరాలను తెర చిత్రాలతో సహా భద్రపరచండి. ఎవరైనా కార్డు సంస్థ ద్వారా ఫిర్యాదు చేస్తే మీ తరఫున మాట్లాడేవి అవే.

స్వల్పంగా ధర తగ్గిన దీపం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఆ నష్టం మీరే భరించి, సరుకు పంపండి. కొన్నవారికి అది మామూలు తగ్గింపు ధరలాగే కనిపించింది, తప్పని తెలుసుకునే అవకాశం వారికి లేదు. అలాంటి ఆర్డరును రద్దు చేస్తే మిగిలే లాభం కంటే పోయే నమ్మకం ఎక్కువ.

పదో వంతు ధర పడిన దీపం సంగతి వేరు. ఈ విషయంలో తరచూ ఉదహరించే తీర్పు సింగపూర్‌లో వచ్చింది. 2003 జనవరిలో డిజిలాండ్‌మాల్ అనే విక్రేత సైట్‌లో 3,854 డాలర్ల హెచ్‌పీ లేజర్ ప్రింటరు ధర పొరపాటున 66 డాలర్లుగా పడింది. గమనించేలోపు వందల మంది కలిసి నాలుగు వేలకు పైగా ప్రింటర్లకు ఆర్డరు పెట్టారు. విక్రేత నిరాకరిస్తే, తామే 1,606 ప్రింటర్లకు ఆర్డరు పెట్టిన ఆరుగురు కోర్టుకు వెళ్లారు. యంత్రం పంపిన ధ్రువీకరణ మెయిలు వల్ల ఒప్పందం ఏర్పడినట్టే కనిపించినా, ఆ ధర పొరపాటని కొనుగోలుదారులకు తెలుసు కనుక ఆ ఒప్పందాలు చెల్లవని 2004లో హైకోర్టు తీర్పు ఇచ్చింది, 2005లో అప్పీలు కోర్టూ దాన్నే సమర్థించింది. కొనేవారికి అది తప్పని తెలుసా అన్నదే అక్కడ కీలకమైంది. చట్టం దేశాన్నిబట్టి మారుతుంది కనుక పెద్ద మొత్తం ఉంటే మీ చోట న్యాయవాదిని అడగండి గానీ, ఆలోచనకు ఈ ప్రశ్న మంచి ఆధారం. పెద్ద సంఖ్యలో దీపాలు కోరిన ఆ ఒక్కరి ఆర్డరు ఈ కోణంలో చూస్తే మీకు బలమే తప్ప బలహీనత కాదు.

డబ్బు కట్టినవారిని తేడా మొత్తం పంపమని అడగకండి. వారి సొమ్ము మీ దగ్గర ఉంచుకుని ఇంకా కావాలనడం ఒత్తిడి చేసినట్టవుతుంది. ఈరోజే రద్దు చేసి, రవాణా ఖర్చుతో సహా మొత్తం తిరిగి చెల్లించి, ఆ తర్వాత సరైన ధరకు కావాలంటే కొనుక్కునే వీలు చూపండి. రీఫండ్ ఇచ్చినా చాలా పేమెంట్ సంస్థలు తాము తీసుకున్న రుసుమును వెనక్కి ఇవ్వవు. ఆ ఖర్చు మీదే, కొనుగోలుదారు మీద వేయకూడదు.

సమాధానం: చిట్టాపద్దు

సరుకుగది గారు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. డబ్బు రాని ఆర్డర్ల గురించి నేను రాస్తాను, ఎందుకంటే మీ రెండు చిక్కులు ఒకచోట కలుస్తున్నాయి, ప్రమాదం అక్కడే ఉంది.

తప్పు ధరకు ఆర్డరు పెట్టి ఇంకా కట్టనివారి దగ్గర బ్యాంకు వివరాలూ, ఆర్డరు నంబరూ, తప్పు మొత్తం ఉన్న మెయిలూ ఉన్నాయి. సైట్‌లో ధర సరిదిద్దినంత మాత్రాన ఆ పాత ఆర్డర్లలోని మొత్తం మారదు. వారు రేపో ఎల్లుండో ఆ మొత్తం పంపితే మీరు డబ్బు అందుకున్నవారవుతారు. కనుక డబ్బు కట్టిన వారికంటే ముందే వీరికి రాయండి. ఆర్డరు రద్దయిందనీ, డబ్బు పంపవద్దనీ, ఈలోపే పంపి ఉంటే పూర్తిగా తిరిగి ఇస్తామనీ స్పష్టంగా చెప్పండి. పేమెంట్ లింకు ఏదైనా పంపి ఉంటే దాన్నీ మూసేయండి.

ఇక మామూలుగా డబ్బు రాని ఆర్డర్లకు మందు ముందే ప్రకటించిన గడువు. ఈబే అనే మార్కెట్‌ప్లేస్‌లో కొనుగోలుదారుకు నాలుగు రోజులు ఇస్తారు, అప్పటికీ చెల్లించకపోతే విక్రేత ఆ కారణంతోనే ఆర్డరును రద్దు చేయవచ్చు. సొంత సైట్‌లో గడువు ఎంత అన్నది మీ ఇష్టమే గానీ, అది ఆర్డరు పెట్టే పేజీలోనూ, మొదటి మెయిలులోనూ తేదీతో సహా కనిపించాలి. ‘వీలైనంత త్వరగా చెల్లించండి’ అని రాస్తే ఎవరి వీలు వారిది. ఫలానా తేదీ సాయంత్రం వరకు మీ దీపాన్ని పక్కన ఉంచుతాము, ఆ తర్వాత అది మళ్లీ అమ్మకానికి వెళ్తుంది అని రాస్తే ఎవరూ నొచ్చుకోరు. మధ్యలో ఒక్క గుర్తు మెయిలు చాలు, అంతకు మించి వెంటపడటం వల్ల డబ్బు వచ్చిన సందర్భాలు నేను పెద్దగా చూడలేదు.

గడువు దాటగానే రద్దు మీట నొక్కే ముందు బ్యాంకు ఖాతాను ఒకసారి జాగ్రత్తగా చూడండి. ఆర్డరు ఒకరి పేరున ఉండి, డబ్బు వారి ఇంట్లో మరొకరి ఖాతా నుంచి, ఆర్డరు నంబరు లేకుండా వస్తుంది. నంబరు రాయవలసిన చోట ‘దీపం’ అని మాత్రమే రాసి పంపినవారున్నారు. సెలవు రోజుల్లో బదిలీ ఆలస్యమయ్యే బ్యాంకులూ ఉన్నాయి. ఎవరిదో తెలియని మొత్తం ఖాతాలో ఉన్నంతసేపు, అదే మొత్తానికి సరిపోయే ఆర్డరును రద్దు చేయకపోవడం మంచిది.

మార్కెట్‌ప్లేస్‌లో రద్దు చేసేటప్పుడు కారణం నిజమైనదే ఎంచుకోండి. డబ్బు రాలేదన్న కారణం మీ రికార్డుకు చెడ్డ పేరు తేదు, సరుకు లేదన్న కారణం తెస్తుంది. అమెజాన్‌లోనైతే, పంపకముందే విక్రేత రద్దు చేసిన ఆర్డర్లు రెండున్నర శాతం లోపే ఉండాలి. ఆ లెక్కకు భయపడి ‘కొనుగోలుదారే రద్దు కోరారు’ అని నొక్కడం అబద్ధం. అవతలివారు ఫిర్యాదు చేస్తే ఖాతాకే ముప్పు వస్తుంది.

సమాధానం: కొనేచేయి

నేను అమ్మేదానికంటే కొనేదే ఎక్కువ కనుక కొంచెం భిన్నంగా చెబుతాను. పదో వంతు ధర అనగానే అందరికీ తప్పని తెలిసిపోతుందని అనుకోవడం సరికాదు. పాత స్టాకు వదిలించుకునే అమ్మకాల్లో నిజంగానే చాలా తక్కువ ధరలు కనిపిస్తాయి. 2002 ప్రారంభంలో బ్రిటన్‌లో కొడాక్ సంస్థ 329 పౌండ్ల డిజిటల్ కెమెరా కిట్‌ను పొరపాటున 100 పౌండ్లకు పెట్టి, ఆర్డర్లు ధ్రువీకరించి, ఆ తర్వాత ఇవ్వలేమంది. కొనుగోలుదారులు గట్టిగా నిలబడడంతో చివరికి ఆ ధరకే ఇచ్చింది. మూడో వంతు ధర ప్రత్యేక తగ్గింపని నమ్మడానికి వీలుంది. సింగపూర్ ప్రింటరు అసలు ధరలో రెండు శాతం కూడా లేదు. దీపతోరణం గారి పదో వంతు ఈ రెంటికీ మధ్యలో ఉంది. కనుక ఒక్క దీపం కొని, డబ్బు కట్టి, ‘ఖరారైంది’ అన్న మెయిలు అందుకున్నవారిని, ఒకేసారి పెద్ద సంఖ్యలో అడిగినవారితో సమానంగా చూడడం నాకు న్యాయంగా అనిపించడం లేదు. భరించగలిగితే ఒక్క దీపం కొన్నవారికి పంపండి.

సమాధానం: సరుకుగది

కొనేచేయి గారూ, మీ మాటలో న్యాయముంది. అయితే ఆ విభజన చేసేదుంటే గీత ఒక్కటే ఉండాలి, అది అందరికీ ఒకేలా వర్తించాలి. మనిషికి ఒక దీపం చొప్పున పంపుతామని నిర్ణయిస్తే, ఎక్కువ కోరిన వ్యక్తికీ ఒక దీపం పంపాలి. గట్టిగా అరిచినవారికి ఇచ్చి, మర్యాదగా ఊరుకున్నవారికి ఇవ్వకపోవడం అన్నిటికంటే చెడ్డ పని. ఎన్ని దీపాలు పంపితే ఎంత నష్టమో దీపతోరణం గారు ముందు లెక్క వేసుకుని, మోయగలిగితే అలా చేయాలి, లేకపోతే అందరికీ రద్దు చేయాలి.

మెయిలు ఇలా రాయవచ్చు: “మీ ఆర్డరులోని దీపం ధర మా వైపు జరిగిన పొరపాటు వల్ల అసలు ధరలో పదో వంతుగా కనిపించింది. ఆ ధరకు పంపలేకపోతున్నందుకు క్షమించండి. మీరు చెల్లించిన మొత్తాన్ని ఈరోజే పూర్తిగా వెనక్కి పంపాము, మీ బ్యాంకును బట్టి ఖాతాలో కనిపించడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. దీపం కావాలనుకుంటే ఈ కూపనుతో తగ్గింపు ధరకు తీసుకోవచ్చు.” సాంకేతిక లోపమనీ, సరుకు అయిపోయిందనీ రాయవద్దు. అదే దీపం సైట్‌లో సరైన ధరకు కనిపిస్తూనే ఉంటుంది కదా.

ప్రశ్నించినవారు: దీపతోరణం

అందరికీ కృతజ్ఞతలు. లెక్క వేసి చూశాను, మనిషికి ఒక దీపం చొప్పున పంపడం నాకు సాధ్యమే, డబ్బు కట్టినవారికి ఆ పద్ధతే పాటిస్తాను. కట్టనివారికి రద్దు మెయిళ్లు ఇప్పుడే పంపాను. ఇలాంటిది మళ్లీ జరగకుండా సైట్‌లో ఏం మార్చాలో కూడా చెప్పగలరా?

సమాధానం: చిట్టాపద్దు

ముందు ఆ మెయిలు మార్చండి. ‘ఖరారైంది’ తీసేసి, ‘మీ ఆర్డరు మాకు అందింది, సరుకు పంపినట్టు తెలియజేసినప్పుడే దాన్ని అంగీకరించినట్టు’ అని రాయండి, షరతుల పేజీలోనూ అదే మాట ఉండాలి. కార్డు చెల్లింపుల్లో మొత్తాన్ని ముందు కేవలం నిలిపి ఉంచి, పార్శిలు కట్టేటప్పుడు వసూలు చేసే అమరిక మీ పేమెంట్ సంస్థలో ఉందేమో చూడండి. అది ఉంటే తప్పు ధర ఆర్డరుకు రీఫండ్ అవసరమే రాదు, నిలుపుదల వదిలేస్తే సరిపోతుంది. అయితే ఆ నిలుపుదల కొద్ది రోజులకే గడువు తీరిపోతుంది కనుక, తయారీకి సమయం పట్టే సరుకుకు అది పనికిరాదు.

ధరల షీటు విషయంలో దశాంశ గుర్తును చూసుకోండి. కొన్ని దేశాల అమరికలో కామా దశాంశానికీ, చుక్క వేలకూ వాడతారు. అలాంటి అమరికలో వేల అర్థంలో రాసిన 1.250 మరో సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లేసరికి 1.25 అయిపోతుంది. షీటు ఎక్కించే ముందు పాత ధర, కొత్త ధర పక్కపక్కన పెట్టి, ఐదో వంతు కంటే ఎక్కువ తేడా ఉన్న వరుసలు రంగు మారేలా ఒక సూత్రం రాసుకోండి. మార్కెట్‌ప్లేస్‌లో ప్రతి వస్తువుకూ కనిష్ఠ ధర పెట్టే గడి ఉంటే దాన్ని ఖాళీగా వదలకండి. రెండు కూపన్లు ఒకే ఆర్డరులో కలవకుండా చూడండి, తప్పు ధరలు అక్కడి నుంచీ పుడతాయి. ఒక్క ఆర్డరులో ఎన్ని దీపాలు తీసుకోవచ్చో పరిమితి పెట్టి, అంతకు మించి కావలసినవారిని మీకు రాయమనండి.