గెట్టు రాయి జరిపినవారి మారుమనస్సు: ఏడిస్తే చాలా?

దేవరకొండ_వాసి:
ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాల కూటంలో మా పెద్దనాన్న మైకు ముందు నిలబడి బోరున ఏడ్చారు. ఇరవై ఏళ్ల కిందట రాత్రికి రాత్రి గెట్టు రాయి జరిపి, పక్క చేనులోంచి అయిదు గుంటలు కలుపుకున్నానని తానే ఒప్పుకున్నారు. సంఘమంతా హల్లెలూయా అంది. ఆ చేను ఒక వితంతువుది. ఆమె వెనక చాప మీద కూర్చుని వింటూనే ఉంది. రాయి మాత్రం ఇంకా జరిపిన చోటే ఉంది. ఇది మారుమనస్సేనా? నేనైతే కాదంటాను. లూకా సువార్త 19లో పన్నుల అధికారి జక్కయ్య ఏడ్చాడని ఎక్కడా లేదు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు అన్నాడు.

పాలమూరు_పెద్దాయన:
తమ్ముడూ, ఆయన నీ ఇంటి మనిషి కాబట్టి అంత కోపం. యేసు జక్కయ్య ఇంటికి వస్తానన్నది ముందు, జక్కయ్య లెక్క చెప్పింది తరువాత. మా మెన్నోనైట్ సంఘంలో చిన్నప్పటి నుంచీ విన్నది ఇదే: కృప ముందు, ఫలం వెనక. యేసు పక్కన సిలువ మీద ఉండి చివరి ఘడియలో కృప పొందిన దొంగ ఎవరికి ఏం తిరిగిచ్చాడు?

దేవరకొండ_వాసి:
అతని చేతులకు మేకులున్నాయి అన్నా. మా పెద్దనాన్న ట్రాక్టరు నడుపుతున్నారు.

నల్లగొండ_కతోలిక:
మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. మా పాపసంకీర్తనంలో, అంటే గురువుగారి ముందు పాపాలు ఒప్పుకున్నప్పుడు, ఆయన క్షమాపణ పలికినా దొంగసొత్తు దాచుకోవడానికి వీల్లేదు, తిరిగివ్వాలి. పశ్చాత్తాపం, ఒప్పుకోలు, ప్రాయశ్చిత్తం మూడూ ఉండాలని 1551లోనే మా కతోలిక పెద్దల ట్రెంట్ మహాసభ తేల్చింది.

పాలమూరు_పెద్దాయన:
తిరిగివ్వడమే కొలబద్ద అయితే యేసును డబ్బుకు అప్పగించిన శిష్యుడు యూదా ఇస్కరియోతును ఎక్కడ కూర్చోబెడతారు? ముప్పై వెండి నాణేలూ తిరిగి తెచ్చాడు, పాపం చేశానన్నాడు, ఆపైన ఉరి వేసుకున్నాడు. మత్తయి 27:3లో మన తెలుగు బైబిలు అతను ‘పశ్చాత్తాపపడి’ అంటుంది, ‘మారుమనస్సు పొంది’ అనదు. గ్రీకులోనూ అక్కడున్నది మారుమనస్సుకు వాడే మెటనోయా కాదు, వేరే మాట. మెటనోయా అంటే మనసే మళ్లడం. బాధపడటం వేరు, మళ్లడం వేరు.

దేవరకొండ_వాసి:
మంచి మాట అన్నారు. అయితే యూదా ఆ నాణేలు ఎవరికి తెచ్చాడు? తనకు డబ్బిచ్చిన యాజకులకే. తాను అప్పగించిన ఆయన దగ్గరకు వెళ్లలేదు. మా ఇంట్లో జరిగిందీ అదే. పెద్దనాన్న సంఘానికి చెప్పుకున్నారు, పక్క చేను ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు.

పాలమూరు_పెద్దాయన:
ఇది నాకు తట్టలేదు. ఆమె అక్కడే కూర్చుని ఉండగా ఆమెతో చెప్పకపోవడం తప్పే. అయినా ఆయన ఏడుపు దొంగ ఏడుపని నువ్వు తీర్పు చెప్పకు.

బత్తాయి_తోట:
అన్నయ్యలూ, ఏడుపు సంగతి దేవుడు చూసుకుంటాడు. నేలకు లెక్క ఉంది. మోషే ధర్మశాస్త్రంలోని సంఖ్యాకాండం 5:7 ప్రకారం పాపం ఒప్పుకున్నవాడు సొత్తు తిరిగిచ్చి అయిదో వంతు కలపాలి. అయిదు గుంటలకు ఆరు గుంటలు. సర్వేయరును పిలిస్తే ఒక పూట పని.

దేవరకొండ_వాసి:
నిన్న ఈ ఆరు గుంటల మాట పెద్దనాన్న చెవిన వేశాను. చాలాసేపు పలకలేదు. ఆ అయిదు గుంటల్లో తాను నాటిన పన్నెండు బత్తాయి చెట్లు కాపు మీదున్నాయట. వాటి సంగతి మోషే ఏమైనా రాశాడా అని అడిగారు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.