ఆస్టటైన్: హాలోజనా, లోహమా?

మూలకం85: ఆవర్తన పట్టికలో ఆస్టటైన్ అయోడిన్ కిందే ఉంది కాబట్టి హాలోజన్ (క్లోరిన్, అయోడిన్ కుటుంబపు అలోహం) అని చదువుకున్నాం. ఘనరూపంలో అది లోహమే అవుతుందని 2013లో సైద్ధాంతిక లెక్కలొచ్చాయి. ఏది ఒప్పు?

హాట్‌సెల్: హాలోజనే. ఘనరూపం మాటెందుకండీ, కంటికి ఆనేంత ముద్ద చేస్తే తన రేడియోధార్మికత పుట్టించే వేడికే ఆవిరైపోతుంది. చేసే పద్ధతి చూడండి. బిస్మత్-209ను 28 నుంచి 29 మెగా ఎలక్ట్రాన్‌వోల్టుల ఆల్ఫా కణాలతో (హీలియం కేంద్రకాలతో) కొడితే 7.2 గంటల అర్ధజీవిత కాలమున్న ఆస్టటైన్-211 వస్తుంది, క్యాన్సర్ మందుల కోసం చేసేది దీన్నే. శక్తి అంతకు మించితే ఆస్టటైన్-210 కూడా పుట్టి, 138 రోజుల అర్ధజీవిత కాలమున్న పొలోనియం-210గా మారుతుంది. రోగికి ఎక్కించే మందులో అది ఉండకూడదు. బీమ్ కరెంటు అతిగా పెంచినా చిక్కే: బిస్మత్‌కు వేడిని లాగేసే గుణం తక్కువ, 271 డిగ్రీలకే కరుగుతుంది, సరుకు యంత్రంలోనే ఎగిరిపోతుంది. తర్వాత టార్గెట్‌ను, అంటే కణాలతో కొట్టిన ఆ బిస్మత్‌ను, క్వార్ట్జ్ గొట్టంలో 650–800 డిగ్రీలకు వేడిచేస్తే ఆస్టటైన్ ఆవిరై చల్లని ట్రాప్‌లో పడుతుంది. ఇంత తేలిగ్గా ఎగిరేది లోహమా?

బీటా_మైనస్: పాదరసం ఎగరదా? ఆమ్లంలో ఆక్సీకరణి కలపండి, ఆస్టటైన్ లోహంలా ధన అయానుగా మారి కాటయాన్ రెజిన్‌కు (ధన అయాన్లను పట్టే జిగురు పూసలకు) అంటుకుంటుంది. అయనీకరణ శక్తిని (ఒక ఎలక్ట్రాన్‌ను ఊడబెరకడానికి కావాల్సిన శక్తిని) యూరప్ పరిశోధన కేంద్రం సెర్న్‌లోని ఐసోల్డే ప్రయోగశాలలో కొలిచారు, 2013లో ప్రచురించారు: 9.3175 ఎలక్ట్రాన్‌వోల్టులు. అయోడిన్‌ది 10.45. ఎలక్ట్రాన్ వదలడం దీనికి తేలిక.

హాట్‌సెల్: క్షయకరణి వేసి చూడండి, అయొడైడ్‌లాగే రుణ అయానుగా మారి సిల్వర్ అయొడైడ్‌తో కలిసి అవక్షేపిస్తుంది. ఎలక్ట్రాన్ అఫినిటీ (ఎలక్ట్రాన్‌ను చేర్చుకున్నప్పుడు వెలువడే శక్తి) 2.416 ఎలక్ట్రాన్‌వోల్టులు (2020 కొలత). అయోడిన్ 3.06 కంటే తక్కువే, కానీ హాలోజన్ పోకడ పోలేదు. థైరాయిడ్ కూడా దీన్ని అయోడిన్‌లాగే లాగేసుకుంటుంది.

లేబులింగ్: మీ ఇద్దరి గొడవలో అసలు తంటా ఉండిపోయింది: దీన్ని మందు అణువుకు అతికించడం. అయోడిన్‌ను అతికించే పద్ధతినే యథాతథంగా వాడితే దెబ్బతింటారు. ప్రోటీన్‌లోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి అయోడిన్ పట్టినట్టు ఇది పట్టదు, పట్టినా ఊడుతుంది. ఊడింది థైరాయిడ్, జీర్ణాశయం, ప్లీహం, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. బెంజీన్ వలయం మీది టిన్ సమూహాన్ని తీసి ఆ చోట ఆస్టటైన్‌ను పెట్టడం మేలు. బోరాన్ పంజరాలైతే (బోరాన్ పరమాణువులు గూడులా కూడిన అణువులు) ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. థైరాయిడ్‌కు ముందే పొటాషియం అయొడైడ్ ఇవ్వచ్చు, తక్కిన అవయవాలకు అది కాపు కాదు. నా లెక్కలో ఇది హాలోజనే, కాకపోతే కార్బన్‌తో బంధం బలహీనం.

మూలకం85: మరి పెట్ స్కాన్ సెంటర్ల సైక్లోట్రాన్లలో (కణాలకు వేగమిచ్చే యంత్రాల్లో) ఆస్టటైన్-211 చేసుకోవచ్చా?

బీటా_మైనస్: కుదరదు. అవి దాదాపు అన్నీ ప్రోటాన్లిచ్చేవే, ఆల్ఫా బీమ్ కావాలి. మన దేశంలో కోల్‌కతాలోని పరిశోధన సంస్థ వీఈసీసీ (వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్) కె-130 సైక్లోట్రాన్‌కు ఆ వీలుంది. అక్కడ చేసి హైదరాబాద్ తెచ్చేసరికి 7.2 గంటలు గడిస్తే సగమే మిగులుతుంది, ఆ లెక్కన ఎక్కువ చేసి పంపాలి.