కొత్త ఊళ్లో బస: చైన్ హోటలా, ఇండిపెండెంట్ హోటలా?

బాటసారి:
మూడు రాత్రుల బస, ఊళ్లో దిగేసరికి అర్ధరాత్రి దాటుతుంది. పేరున్న చైన్‌లో గది ఖరీదు ఎక్కువ. అదే వీధిలో పన్నెండు గదుల ఇండిపెండెంట్ హోటల్ తక్కువలో వస్తోంది, రేటింగ్ కూడా బాగుంది. ఎక్కువ కడితే అదనంగా దక్కేదేంటి?

లెడ్జర్:
అర్ధరాత్రి దిగేవాళ్లకు చైనే. పెద్ద చైన్ హోటళ్లలో రిసెప్షన్ రాత్రంతా ఉంటుంది, చిన్నచోట తొమ్మిదికో పదికో తాళం వేసేస్తారు. పైగా రానివాళ్లు కొందరుంటారన్న లెక్కతో చాలా హోటళ్లు ఉన్న గదులకన్నా ఎక్కువ బుకింగ్‌లు తీసుకుంటాయి. అందరూ వచ్చేస్తే చివర వచ్చినవాళ్లకు గది ఉండదు. అలాంటప్పుడు పెద్ద చైన్‌లు దగ్గర్లోని మరో హోటల్‌కు పంపి ఆ రాత్రి ఖర్చు భరించడం ఆనవాయితీ. చిన్నచోట అదంతా యజమాని మంచితనం మీదే.

నీలిగేటు:
బోర్డు మీది పేరును అంతగా నమ్మకండి లెడ్జర్ గారూ. చాలా చైన్ హోటళ్లలో భవనం ఒకరిది, నడిపేది ఇంకొకరు, పేరు మాత్రం కంపెనీది. 1952లో అమెరికాలోని మెంఫిస్‌లో మొదలైన హాలిడే ఇన్ చైన్ ఊరూరా పెరిగింది ఈ ఫ్రాంచైజీ పద్ధతితోనే. పరుపు ఎలా ఉండాలో కంపెనీ చెబుతుంది గానీ, ఏసీ చెడితే డబ్బు తీయాల్సింది భవనం యజమాని. ఆయన వాయిదా వేస్తూ పోతే అదే బోర్డు కింద తడి కార్పెట్ వాసన. రేటింగ్ అంకె పక్కనపెట్టి గత మూడు నెలల రివ్యూల్లో తక్కువ మార్కులిచ్చినవి చదవండి. గోడ అవతలి మాటలు వినిపిస్తున్నాయని ఒకరంటే అది ఆ రాత్రి పొరుగువాళ్ల గోల కావచ్చు. ఐదుగురంటే మాత్రం గోడలే పలచన.

ఆరోగది:
ఇద్దరూ బుక్ చేసే దారిని వదిలేశారు. బుకింగ్ సైట్‌లు హోటల్ నుంచి కమీషన్ తీసుకుంటాయి, నూటికి పదిహేను, ఒక్కోసారి అంతకు మించి. అందుకే చిన్న హోటల్‌కు నేరుగా ఫోన్ చేస్తే బేరానికి చోటుంటుంది. ధర తగ్గించకపోయినా టిఫిన్ కలపొచ్చు, వెనకవైపు నిశ్శబ్దంగా ఉండే గది ఇవ్వొచ్చు. ఆ ఫోన్‌లోనే అడగాల్సినవి: రాత్రి ఒంటిగంటకు వస్తే తలుపు తీసేదెవరు? లిఫ్ట్ ఉందా? రద్దు గడువు ఏ రోజు, ఏ గంటకు? (ఆ గంట హోటల్ ఉన్న ఊరి సమయం. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.) ఒప్పుకున్నదంతా మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్ మాట మరుసటి షిఫ్టు మనిషికి తెలియదు.

చైన్ అయితే కంపెనీ సొంత యాప్‌లో బుక్ చేయాలి. బయటి సైట్‌లో కొంటే మామూలుగా పాయింట్లు (చైన్ సభ్యులకు బసకింతని జమయ్యేవి, తర్వాతి బసలకు వాడుకోవచ్చు) రావు. ఎక్కడైనా సరే, డిపాజిట్‌కు డెబిట్ కార్డు ఇవ్వకండి. క్రెడిట్ కార్డులో తగ్గేది పరిమితే, డెబిట్ కార్డులో మీ డబ్బే కొన్నాళ్లు ఇరుక్కుంటుంది.

నీలిగేటు:
పాయింట్ల కోసం చైన్ ఎంచుకోవడం ఏడాదికి ఆరేడు రాత్రులు బయట పడుకునేవాళ్లకు దండగ. మారియట్ చైన్‌లో ఖాళీ చేసే రోజు సాయంత్రం నాలుగింటి దాకా గది ఉంచుకునే హామీ ప్లాటినం స్థాయి సభ్యులకు. దానికి ఏడాదిలో 50 రాత్రులు కావాలి, రిసార్టుల్లో అయితే ఆ హామీ కూడా లేదు. పాయింట్లూ కావాలి, మూసపోసిన గదీ వద్దు అంటే పెద్ద చైన్‌ల కిందే ఉండే ఆటోగ్రాఫ్ కలెక్షన్ (మారియట్), క్యూరియో (హిల్టన్) లాంటి బ్రాండ్లు చూడండి. ఒక్కో హోటల్‌కు దాని పోకడ దానిదే, బుకింగ్ మాత్రం చైన్‌ది.

లెడ్జర్:
సరే, మొదటి రాత్రి చైన్‌లో, మిగతా రెండూ చిన్న హోటల్‌లో?

ఆరోగది:
దానివల్ల సగం రోజు పోతుంది. ఒకచోట పదకొండుకు ఖాళీ చేయమంటారు, రెండోచోట మూడింటికి గానీ గది ఇవ్వరు. బాటసారి గారూ, ముందు ఆ చిన్న హోటల్‌కే ఫోన్ చేయండి. రాత్రి తలుపు తీసే మనిషి ఉన్నాడని రాసిస్తే అదే తీసుకోండి. ‘వచ్చాక చూద్దాం’ అంటే మాత్రం చైన్‌కే వెళ్లండి.