కీడెంచి మేలెంచు: ఎంచడం సరే, నోటితో అనొచ్చా?

ప్రశ్న (ఉప్పల్ నుంచి)

"కీడెంచి మేలెంచమన్నారు" అన్న మాట అందరికీ తెలిసిందే. నా సందేహం అర్థం గురించి కాదు, వాడుక గురించి.

మా ఆయన ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. ఎంత ట్రాఫిక్ ఉన్నా తొమ్మిదిన్నర, పదికల్లా ఇంట్లో ఉండే మనిషి మొన్న వాన పడ్డ రోజు పదకొండు దాటినా రాలేదు. ఫోన్ స్విచ్ఛాఫ్. నాకు కాలు నిలవలేదు. అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ "బండి గానీ స్కిడ్ అయిందేమోనే" అన్నాను. "అశుభం పలక్కే, తథాస్తు దేవతలుంటారు" అని అమ్మ కసిరింది. స్పీకర్ ఆన్‌లో ఉంది. పక్కనే కూర్చున్న మా అత్తయ్య "అననివ్వండి వదినగారూ, కీడెంచి మేలెంచమన్నారు కదా" అన్నారు. ఆ రాత్రి వియ్యపురాళ్లిద్దరికీ వాదన పెరగలేదు గానీ నాకు మాత్రం ఈ ప్రశ్న మిగిలిపోయింది. ఒక మాటేమో కీడు తలచుకోమంటోంది, ఇంకో మాట నోరెత్తొద్దంటోంది. రెండూ పెద్దలు చెప్పినవే. ఏది వినాలి?

(ఆయన క్షేమంగానే వచ్చారు. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర నీళ్లు నిలిచాయట. మళ్లీ అందరూ అదే అడుగుతారని ముందే చెబుతున్నా.)

జవాబు (నల్లకుంట, తెలుగు మాస్టారు)

అమ్మా, మీ అమ్మగారూ అత్తగారూ ఇద్దరూ కరెక్టే. ఆ మాటని ముక్కలు చేసి చూడండి.

కీడు + ఎంచి, మేలు + ఎంచు. రెండుచోట్లా ఉత్వసంధే, అందులో విశేషమేమీ లేదు. విశేషమంతా "ఎంచి"లో ఉంది. అది క్త్వార్థకం, అంటే అసమాపక క్రియ. "అన్నం తిని పడుకో" అన్నప్పుడు "తిని" దగ్గర వాక్యం ఆగదు కదా, అసలు చెప్పదలచింది పడుకోమని. ఇక్కడా అంతే. చేయమన్న పని మేలెంచడం. కీడెంచడం దానికి ముందు దాటాల్సిన మెట్టు. రాత్రిపూట ఎదురుచూసేవాళ్లలో నూటికి తొంభై మంది "కీడెంచి" దగ్గరే ఆగిపోయి, వాక్యం పూర్తి చేయకుండా తెల్లవార్లూ కూర్చుంటారు. (నూటికి తొంభై అన్నది మాటవరసకే, లెక్క అడక్కండి.)

ఇక "ఎంచు". దీని చుట్టం "ఎన్ను". "తప్పులెన్నువారు" అని వేమన అన్నది ఈ ఎన్నడమే. ఎన్నిక, ఎంపిక, ఎంచుకోవడం ఇవన్నీ ఆ ఇంటివే. రాయలసీమలో ఇప్పటికీ డబ్బులు ఎంచుతారు, అంటే లెక్కపెడతారు. తమిళంలో ఎణ్ణు అంటే ఆలోచించడమూ అవుతుంది, లెక్కించడమూ అవుతుంది. కాబట్టి కీడెంచడం అంటే భయపడటం కాదు, ఏమేం జరిగి ఉండొచ్చో ఒక్కొక్కటీ లెక్కకు తెచ్చుకోవడం. చార్జింగ్ అయిపోయి ఉండొచ్చు. పంక్చర్ కావచ్చు. వానకి ఏ ఫ్లైఓవర్ కిందో ఆగి ఉండొచ్చు. మెట్రో తప్పిపోయి క్యాబ్ దొరక్క నిలబడి ఉండొచ్చు. ఇలా వరస పెడితే ఆ జాబితాలో మీరు భయపడేది ఎక్కడో చివర ఒకే ఒక్క వరసలో ఉంటుంది. భయానికి ఈ లెక్క ఉండదు. అది నేరుగా ఆ చివరి వరసకే దూకుతుంది.

పెద్దలు "పలికి" అనలేదు, "ఎంచి" అన్నారు. ఎంచేది మనసు, పలికేది నోరు. మీ అత్తగారు ఎంచమన్నారు, మీ అమ్మగారు పలకొద్దన్నారు. తగువు ఎక్కడుంది?

జవాబు (సైనిక్‌పురి)

మాస్టారి విశ్లేషణ బాగుంది. నాకు మాత్రం తథాస్తు దేవతల మీద నమ్మకం లేదు. అయినా మా ఆవిడ నైట్ షిఫ్ట్ క్యాబ్ ఆలస్యమైతే నేనూ "యాక్సిడెంట్" అనే మాట అనను. "ఏమైనా అయిందేమో" అంటాను. నామవాచకం ఉండాల్సిన చోట ఖాళీ. "జరగరానిది జరిగితే" అంటాం గానీ ఏం జరిగితే అన్నది చెప్పం. దీపం ఆరిందనకుండా కొండెక్కింది అనే వాళ్లం, బియ్యం అయిపోయాయి అనకుండా నిండుకున్నాయి అనే వాళ్లం, మన భాషకి ఈ అలవాటు నమ్మకం కంటే లోతుగా ఉన్నట్టుంది.

జవాబు (జగిత్యాల దగ్గర పుట్టి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్న)

మా దిక్కు కీడెంచుడు అనే మాట తక్కువే వింట. మాకు మూడు మాటలున్నయ్. బుగులు, రంది, ఫికర్. మూడూ ఒకటే అనుకునేటోళ్లు ఉన్నరు, కావు.

ఫికర్ హైదరాబాద్ మాట, ఉర్దూ నుంచి వచ్చింది. అది తేలిక. "ఫికర్ చెయ్యకు, వస్తున్న" అని నవ్వుకుంట కూడా అంటం. రంది నెలల తరబడి ఉండేది. కొడుకు దుబాయి పోయిండని తల్లి పడేది రంది. అది ఒక్క రాత్రికి పుట్టదు, ఒక్క ఫోనుకు పోదు. బుగులు అట్ల కాదు, కడుపుల పుడుతది. గంట కింద లేదు, ఇప్పుడున్నది. ఇంటాయన గుమ్మంల కాలు పెట్టంగనే పోతది. ఆ తర్వాత "పానం నిమ్మలమైంది" అంటం.

2020 అక్టోబరు 13 రాత్రి సగం ఊరు నీళ్లల్ల ఉన్నప్పుడు మా నాన్న మలక్‌పేట దిక్కు ఇరుక్కున్నడు. మా అమ్మ తెల్లారేదాక "బుగులైతుందిరా" అన్నది తప్ప ఒక్క ముచ్చట మాట్లాడలే. దేనికి బుగులో చెప్పలే, మేం అడగలే. అంటే మాక్కూడ పైన సారు చెప్పిన ఖాళీ ఉన్నది, కాకపోతే ఆ ఖాళీకి పేరు పెట్టుకున్నం.

జవాబు (కూచిపూడి నేర్చుకునే అమ్మాయి)

ఎదురుచూసే ఈ మనిషికి మన నాట్యంలో ఒక పేరే ఉంది, విరహోత్కంఠిత. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన ఎనిమిది మంది నాయికల్లో ఒకామె. నిర్వచనం చూస్తే నవ్వొస్తుంది: అనేక పనుల్లో చిక్కుకుని ప్రియుడు రాకపోతే, రాలేదన్న బాధతో ఉండేది. అనేక పనులు! అప్పటికి గచ్చిబౌలి లేదు గానీ సాకు మాత్రం ఉంది.

అదే ఎనిమిది మందిలో ఖండిత అని ఇంకొకామె. ఆమె ప్రియుడూ రాత్రి రాలేదు. తెల్లవారి వచ్చాడు, ఇంకో స్త్రీ దగ్గర గడిపిన గుర్తులతో. మా టీచర్ ఈ రెండింటికీ తేడా చూపించమంటే చాలామంది కనుబొమ్మలతో మొదలుపెడతారు. ఆవిడ మెడ చూడమంటారు. విరహోత్కంఠిత మెడ గుమ్మం వైపు సాగి ఉంటుంది, చిన్న చప్పుడైనా తిరుగుతుంది. ఖండిత మెడ అతను ఎదురుగా నిలబడ్డా తిరగదు.

జవాబు (సైనిక్‌పురి, మళ్లీ)

ఖండిత మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఇక్కడ "అనుమానం" అనే పదాన్ని దూరంగా పెట్టాలి. తర్కశాస్త్రంలో అనుమానం గౌరవమైన మాటే. కొండ మీద పొగ కనిపిస్తే నిప్పు ఉందని గ్రహించడం. ఇప్పుడు తెలుగింట్లో "ఆవిడకి ఆయన మీద అనుమానం" అంటే అర్థం ఒక్కటే, అది పొగా కాదు, కొండా కాదు. అందుకే ఆలస్యమైనప్పుడు "నాకేదో అనుమానంగా ఉంది" అని అమాయకంగా అన్నా ఇంట్లో గొడవే. "మనసు కీడు శంకిస్తోంది" అంటే ఎవరూ తప్పు పట్టరు. శంకించినా అనుమానించినా పని దాదాపు ఒకటే, ముందు "కీడు" చేరిందా లేదా అన్నదే తేడా. పైగా ఆలస్యాన్ని చూసి ప్రమాదాన్ని అనుమానించడం తర్కం ప్రకారం కూడా నిలవదు. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, ఆలస్యం ఉన్నచోట ఎక్కువసార్లు ఉండేది సిగ్నల్.

ప్రశ్న అడిగినామె

మాస్టారూ, "పలికి" లేదన్న పాయింట్ అత్తయ్యకి చదివి వినిపించాను. "నేనన్నదీ అదే" అన్నారు, అనలేదు గానీ.

మీరంతా చెబుతుంటే ఒకటి గుర్తొచ్చింది. ఆయన వచ్చేదాకా అంత జాగ్రత్తగా దాచుకున్న మాట, వచ్చాక ఏమైందో తెలుసా? లిఫ్ట్ గ్రిల్ చప్పుడు, తర్వాత తడిసిన బూట్లు గుమ్మం దగ్గర విదిలించిన చప్పుడు, తలుపు తీశాను. ముందు ప్రాణం లేచొచ్చింది. తువ్వాలు చేతికిచ్చాను. ఆ తువ్వాలు ఆయన తల మీదికి వెళ్లేలోపే నా నోట వచ్చిన మొదటి మాట "ఫోన్ చచ్చిందా?" అని. రెండు గంటలపాటు దేవతలు వింటారని అనకుండా ఆపుకున్న క్రియ, ఫోన్ మీద పడింది. ఆయన కూడా తాపీగా "ఆఁ, ఎనిమిదింటికే చచ్చింది" అన్నారు. మా ఇంట్లోనే ఇలాగా, లేక అందరిళ్లలోనూ ఇంతేనా?

జవాబు (నల్లకుంట మాస్టారు)

అందరిళ్లలోనూ ఇంతే. తిట్టు మనిషికి తగలకుండా వస్తువు మీదికి మళ్లడం మన భాషలో పాత పద్ధతే. "పాడు వాన", "దిక్కుమాలిన ట్రాఫిక్" కూడా ఆ కోవలోవే. తిట్టేది ఆయన్నే, పేరు మాత్రం వానది.

జవాబు (కూకట్‌పల్లి)

కీడూ మేలూ సరే, మా ఇంట్లో గొడవంతా కాలాల గురించి. వ్యాకరణంలో కాలాలు. మా ఆయన ఎనిమిదింటికి "బయల్దేరుతున్నా" అంటారు. అది వర్తమానం అనుకుని నేను చపాతీ పిండి కలుపుతా. తొమ్మిదింటికి చేస్తే "వచ్చేస్తున్నా". ఆ "ఏస్తున్నా" చేరిందంటే ఇంకా సీట్లోంచి లేవలేదని గ్రహించాలి. తొమ్మిదిన్నరకి "దగ్గర్లో ఉన్నా", అంటే మియాపూర్ కూడా రాలేదు. అన్నిటికంటే ఘోరం "వచ్చేశా". శుద్ధ భూతకాలం. మనిషి మాత్రం ఇంకా జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గరే. ఆ అరగంటలో నేను పడే టెన్షన్‌కి సగం కారణం ఈ "వచ్చేశా" అన్నదే. "ఇంకో గంట పడుతుంది" అన్న రోజు నాకు ఏ బెంగా ఉండదు, సీరియల్ చూసుకుంటా.

మాస్టారూ, భూతకాలాన్ని భవిష్యత్తుకి వాడే ఈ పద్ధతికి వ్యాకరణంలో పేరేమైనా ఉందా? ఉంటే చెప్పండి. రేపు ఆయన ఫోన్ చేసినప్పుడు ఆ పేరు పెట్టే అడుగుతా.