పిల్లలకు మెదడు గురించి మీరెలా చెప్పారు?

పాపాయి_అమ్మ: మా అమ్మాయి నాలుగో తరగతి. "నేను పడుకుంటే నా మెదడూ పడుకుంటుందా?" అని అడిగింది. లేదమ్మా, పగలు నేర్చుకున్నది గట్టిపడేది అప్పుడే అని చెప్పాను. "ఎలా తెలుసు, చూపించు" అని పట్టుబడుతోంది. కంటికి కనిపించనిదాన్ని మీరంతా ఎలా చూపించారండీ?

ఖమ్మం_సైన్సు_టీచర్: మేడమ్, బొమ్మ గీసి మస్తిష్కం, అనుమస్తిష్కం, మజ్జాముఖం అని బట్టీ మాత్రం పట్టించకండి. 30 సెంటీమీటర్ల స్కేలు చాలు. మీరు పై చివర పట్టుకుని, పాప వేళ్లు సున్నా దగ్గర తగలకుండా పెట్టించి, చెప్పకుండా వదిలేయండి. 20 దగ్గర పట్టుకుందంటే సుమారు 0.2 సెకన్లు, అంటే కన్ను చూసి, కబురు మెదడుకి చేరి, అక్కడి నుంచి చేతికి ఆజ్ఞ వచ్చేసరికి అంత పట్టిందన్నమాట. తర్వాత పదమూడో ఎక్కం చెబుతూ పట్టుకోమనండి. మా క్లాసులో చాలామందికి స్కేలు ఇంకా కిందికి జారిపోయింది, ఫోన్ చూస్తూ బండి నడపకూడదని ఎందుకంటారో అప్పుడు వాళ్లే చెప్పారు.

డల్లాస్_నాన్న: మేం రంగుల ఆట ఆడాం. ఆకుపచ్చ స్కెచ్‌పెన్‌తో "రెడ్" అని రాసి, చదవకుండా రంగు పేరు మాత్రం చెప్పమనాలి. 1935లో స్ట్రూప్ అనే ఆయన ప్రచురించిన ప్రయోగం ఇది. మావాడు ఇంగ్లిష్ పదాల దగ్గర బాగా తడబడ్డాడు, అవే తెలుగులో రాస్తే టకటకా చెప్పేశాడు! వాడింకా తెలుగు అక్షరాలు కూడబలుక్కునే చదువుతాడు మరి. బాగా అలవాటైన చదువుని మెదడు ఆపుకోలేదు, అదీ సంగతి. తెలుగులో కూడా ఎప్పుడు తడబడతాడా అని నేను ఎదురుచూస్తున్నాను.

గుంటూరు_అక్క: మా వీధిలో మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ క్లాసులని పాంప్లెట్లు పంచుతున్నారు. కళ్లకు గంతలు కట్టుకుని పుస్తకం చదివేస్తారట. మా తోడికోడలు కొడుకుని చేర్పిద్దామంటోంది, నాకు టెన్షన్‌గా ఉంది.

ఖమ్మం_సైన్సు_టీచర్: వద్దని గట్టిగా చెప్పండి అక్కా. మధ్య మెదడు పుట్టినప్పటి నుంచీ పనిచేస్తూనే ఉంటుంది, కంటి కదలికల్లాంటివి చూసుకుంటుంది, కొత్తగా ఎవరూ ఆన్ చేయక్కర్లేదు. పిల్లలు చదివేది ముక్కు పక్క సందులోంచి. మంగళూరు హేతువాది నరేంద్ర నాయక్ గారు ఏళ్లుగా ఈ ట్రిక్కుని బయటపెడుతున్నారు. నాకు బాధేమిటంటే, దొంగచూపు చూసి అది శక్తి అని చెప్పడం పిల్లాడికి అలవాటవుతుంది. వాళ్ల డెమోకి వెళ్తే పుస్తకాన్ని బాబు నుదుటికి ఎదురుగా, కాస్త ఎత్తులో పట్టుకుని చదవమనండి, మీ తోడికోడలిని పక్కనే నిలబెట్టండి.